ఓటు వేసి తేల్చుకోని పార్టీ

ఎవరైనా కొత్త పార్టీ పెడుతున్నారని వింటే నాకు 1977 నాటి జనతా పార్టీ గుర్తొస్తుంది. సంస్థా కాంగ్రెస్, భారతీయ లోక్‌దళ్, జనసంఘ్, సోషలిస్టులు... ఎమర్జెన్సీలో జైళ్ల పాలైనవాళ్లు జనవరిలో ఒక్కటయ్యారు, మార్చిలో ఇందిరాగాంధీనే ఓడించారు. (అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 42 సీట్లలో గెలిచింది ఒక్క నంద్యాలే, నీలం సంజీవరెడ్డిది.)

అభిప్రాయభేదాల వల్లే ఆ పార్టీ కూలిందంటారు. నేను ఒప్పుకోను. అన్ని రకాల మనుషులు ఉండబట్టే కదా అన్ని రకాల జనం ఓటేశారు! అసలు లోపం, భేదాలను తేల్చుకునే పద్ధతి లేకపోవడం. ప్రధాని పదవికి మొరార్జీ, చరణ్‌సింగ్, జగ్జీవన్‌రామ్ పోటీపడితే ఎంపీలు ఓటేసి తేల్చలేదు. జయప్రకాశ్ నారాయణ్ (జేపీ), ఆచార్య కృపలానీల పెద్దరికానికి వదిలేశారు. దక్కనివాళ్ల మనసులో అది చివరిదాకా నలుగుతూనే ఉంది. జనసంఘ్ నుంచి వచ్చినవాళ్లు ఆరెస్సెస్‌లో కొనసాగొచ్చా అన్న ప్రశ్ననూ మొదట్లో కూర్చుని మాట్లాడుకోకుండా నానబెట్టారు. చివరికి ఈ తగవులే ముదిరి, 1979 జూలైలో ప్రధాని మొరార్జీ రాజీనామా చేశారు.

అందుకే కొత్త పార్టీల్లో చేరే మిత్రులను నేను మేనిఫెస్టో గురించి అడగను. మీలో ఇద్దరికి పడకపోతే ఎవరు, ఎలా తేలుస్తారు? ఓడినవాళ్లు మర్నాడు అదే ఆఫీసుకొచ్చి గౌరవంగా పనిచేసుకోగలరా? ఇవన్నీ ముందే రాసుకున్నారా? చాలామంది "అధ్యక్షుడు చూసుకుంటాడు" అంటారు. ఆ జవాబు నన్ను నిజంగా కలవరపెడుతుంది.