ఆ ఒకటి రెండు చోట్లలో మా పాకాల

సాయంత్రం ప్రాంతీయ వార్తల్లో తక్కినవన్నీ ఎట్లా పోయినా, ఆఖర్న వచ్చే వాతావరణం అయిపోయేదాకా మా తాత రేడియో పక్కనుంచి లేచేవాడు కాదు. రాయలసీమలో ఒకటి రెండు చోట్ల జల్లులు. అంతే. టక్కున రేడియో కట్టేసి, "ఆ ఒకటి రెండు చోట్లలో పాకాల ఉండాదా లేదా, అది మాత్రం చెప్పరు" అనేవాడు. అవ్వ బియ్యంలో రాళ్ళేరుతూ తలెత్తకుండానే, "మనూరి పేరు వాళ్ళకెట్లా తెలుస్తాది?" అనేది. చెనిక్కాయలు విత్తిన నాటినుంచి పీకేదాకా మా ఇంట్లో రోజూ ఇదే మాట.

ఆ మాటకు ఓ లెక్కుందని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. వాతావరణ శాఖ భాషలో ఒకటి రెండు చోట్ల అంటే, ఆ ప్రాంతంలో వాన కొలిచే కేంద్రాల్లో నూటికి 25కు మించకుండా. మరి ఆ ప్రాంతమంటే కర్నూలు నుంచి మా దాకా మొత్తం రాయలసీమ! నైరుతి వానలు పడమటి కనుమల దగ్గరే బరువు దించుకొని, మా దిక్కుకు తేలికై వచ్చేవి. పైరు బతకడానికి అవి సరిపోతే గొప్ప. చెరువు నిండాలంటే మాత్రం అక్టోబరు దాటాక బంగాళాఖాతంలో వాయుగుండం పడాల్సిందే. అందుకే ఆ నెలల్లో తాత ముల్లు తిప్పి మద్రాసు కేంద్రం పట్టేవాడు. అప్పటికి చిత్తూరు జిల్లావాళ్ళం, అరవం వినడానికి మాకేం ఇబ్బంది? "పుయల్" అన్న మాట చెవిన పడితే చాలు, ఆయన ముఖం విప్పారేది. మద్రాసులో జనం తుఫానని హడలిపోతుంటే మా ఇంట్లో పండగ. ఇప్పుడు తలుచుకుంటే కొంచెం సిగ్గే.

రేడియో కంటే మాకు నమ్మకమైంది రైలు. పాకాల జంక్షన్. తిరుపతి, కాట్పాడి లైనులో ధర్మవరం నుంచి వచ్చే మీటర్‌గేజి బండి కలిసేది ఇక్కడే. ఆ బండి పీలేరు మీదుగా వచ్చేది. పెట్టెల పైనుంచి నీళ్ళు కారుతుంటే పీలేరులో వాన పడిందని, చెక్క షట్టర్లు దించే ఉంటే ఇంకా వెనకాలే తరుముకొస్తోందని అర్థం. ఈ విద్యలో తాతను మించింది ప్లాట్‌ఫారం మీద ఉడకబెట్టిన చెనిక్కాయలమ్మే ముసలామె. ఇంజను కనబడగానే ఆమె మొదట చూసేది దిగేవాళ్ళను కాదు, షట్టర్లను. దించి ఉన్నాయో, గంప మీద గోనెపట్టా కప్పి సిమెంటు బెంచీ కిందకి తోసేది. ఆమె గంప కప్పిందంటే మేం గోలీలు జేబులో వేసుకొని ఇంటిదారి పట్టేవాళ్ళం.

వాన పడిన మర్నాడు ఎనిమిదిన్నరకు మండలాఫీసు ఆవరణలో వాన కొలిచేవాళ్ళు. బడికి పోతూ నేనక్కడ ఆగేవాణ్ణి. అటెండరు గరాటు ఎత్తి, లోపలి నీళ్ళను గాజు కొలపాత్రలోకి వంచి, కంటికి సమంగా పట్టుకొని, ఒక కన్ను మూసి చూసేవాడు. "ఎనిమిది పాయింటు నాలుగు." ఆ అంకెను మరిచిపోకుండా వల్లించుకుంటూ ఇంటికి మోసుకొస్తే, తాత చేలోకి తీసుకెళ్ళి మట్టిలో వేలు దింపేవాడు. ఒక కణుపు, రెండు కణుపులు. కింద పొడి తగిలితే మొహం చిట్లించేవాడు. "నీ పాయింట్లు ఎవరిక్కావాలిరా, బెత్తెడు పదునైతే చాలు. ఊడలు దిగొద్దా?"

1992 ప్రాంతంలో పక్కనే గాదంకిలో రాడార్ వచ్చింది. బడివాళ్ళు మమ్మల్ని తీసుకెళ్ళి చూపించారు. నాలుగెకరాల పైచిలుకు నేలలో బారులు తీరి 1024 యాంటెనాలు. వచ్చి చెబితే తాత, "నాలుగెకరాల్లో కంబీలు నాటినారా! ఏం పండుతాదంట?" అన్నాడు. అది ఆకాశంలో ఎక్కడో మైళ్ళ ఎత్తున గాలి ఎటు పోతోందో కనిపెట్టి పరిశోధించేదని, రేపటి వాన చెప్పేది కాదని నాకు తెలిసినంత చెప్పాను. "అంత పైన గాలితో మనకేం పని?" అన్నాడు గానీ, ఆ తర్వాత తిరుపతి బస్సెక్కినప్పుడల్లా గాదంకి రాగానే కిటికీలోంచి మెడ చాచేవాడు.

ఇంకో తమాషా. స్వర్ణముఖి పుట్టేది మా పాకాల దగ్గరి కొండల్లోనే. పుట్టిల్లన్న మాటేగానీ మాకు మిగిలేదేం లేదు, పడిందంతా చంద్రగిరి, తిరుచానూరు, శ్రీకాళహస్తి వైపు పోయేది. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకదారిలా పడుండే ఆ ఏరే 2021 నవంబరులో తిరుపతి చుట్టుపక్కల ఊళ్ళను ముంచింది.

నేను ఏడో తరగతిలో ఉన్న ఏడు, ఊడలు దిగే వేళకు మూడు వారాలు చినుకు లేదు. ఒక సాయంత్రం ధర్మవరం బండి షట్టర్లన్నీ దించుకొని వచ్చింది. ముసలామె గంప కప్పింది. నేను పరుగున ఇల్లు చేరేసరికి మా రేకుల మీద మొదటి చినుకులు టపటపమన్నాయి. లోపల వార్తలు చివరికొచ్చాయి. వాన హోరులో ఒక్క ముక్కా వినబడలేదు. "కొంచెం పెంచు, ఏమంటాడో విందాం" అంది అవ్వ. తాత రేడియో కట్టేసి, గొంగడి నెత్తినేసుకొని చేను దారి పట్టాడు.