మీఠా పానీ, ఖారా పానీ

2020 అక్టోబర్ 13 రాత్రి కురిసిన వానను చంపాపేట్‌లో ఎవరూ మర్చిపోలేదు. సరూర్‌నగర్ చెరువు నిండి పొర్లింది. సైదాబాద్, సరూర్‌నగర్ వైపు కాలనీల్లో నీళ్లు ఇళ్లల్లోకి దూరాయి. లాక్‌డౌన్ దెబ్బ నుంచి అప్పుడప్పుడే లేస్తున్న ఆటోవాళ్ల రోజీ మళ్లీ మునిగింది. మా దుల్హాభాయ్ ఆటో రాత్రంతా సీటు పైదాకా నీళ్లలోనే ఉంది. కిస్తీలు ఇంకా తీరలేదు. ఇన్సూరెన్స్ ఉంది గానీ అది థర్డ్ పార్టీది. మన బండి వల్ల ఎదుటివాళ్లకు నష్టమైతే ఇస్తారు, మన బండే వరదలో మునిగితే పైసా రాదు.

నీళ్లు తగ్గగానే అందరూ చేసే పని ఒకటే. తాళంచెవి పెట్టి, బండి బతికుందా లేదా అని చూడడం. దుల్హాభాయ్ కూడా సీట్లో కూర్చున్నారు. అంతలో గల్లీ చివర షెడ్డులోంచి ఉస్తాద్ అరుపు వినిపించింది.

"సెల్ఫ్ నక్కో మారో మియా! ఇంజన్ మర్‌జాతా!"

ఉస్తాద్ ఏళ్ల తరబడి సౌదీలో, దమ్మామ్‌లో బోట్ల ఇంజన్లు విప్పి బిగించిన మనిషి. ఇక్కడికొచ్చాక ఆటోలు, బైకులు, బోరు మోటార్లు. ఏ ఇంజనైనా ఆయన చెప్పే మాట ఒకటే. ఇంజన్ లోపల పిస్టన్ గాలిని నొక్కగలదు, నీళ్లను నొక్కలేదు. సిలిండర్లో నీళ్లుండగా సెల్ఫ్ కొడితే పిస్టన్ పైకి వెళ్లలేక ఆగిపోతుంది, కింద కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. నీళ్లు చేయని నుక్సాన్ మన తొందర చేస్తుంది. అందుకే ముందు బ్యాటరీ వైరు తీశారు. తర్వాత ప్లగ్గు విప్పి, చేత్తో మెల్లగా ఇంజన్ తిప్పారు. ఆ రంధ్రంలోంచి బురదనీళ్లు చిమ్మాయి. డ్రెయిన్ బోల్టు విప్పితే ఆయిల్ నల్లగా రాలేదు, పాల చాయ్ రంగులో వచ్చింది.

"మీఠా పానీ హై, షుకర్ కరో" అన్నారాయన.

ఉర్దూలో మంచినీళ్లను మీఠా పానీ అంటాం, సముద్రపు నీళ్లను ఖారా పానీ అంటాం. దమ్మామ్‌లో సముద్రంలో మునిగిన బోటు ఇంజన్లో నీళ్లు ఆరిపోయినా ఉప్పు మిగిలిపోయేదట. అది అల్యూమినియాన్నీ, రాగి తీగలనూ తింటూనే ఉంటుంది. చెరువు నీళ్లలో ఆ బాధ తక్కువ, బురదతోనే పని. కానీ రెండింటికీ అసలు దుష్మన్ గాలి. నీళ్ల అడుగున ఉన్నంతసేపు ఇనుము తుప్పు పట్టడం మెల్లగా సాగుతుంది. బయటికి తీసి గాలి తగలనిస్తే గంటల్లోనే మొదలవుతుంది. అందుకే తీసిన బోటు ఇంజన్ను వెంటనే విప్పే వీలు లేకపోతే, మళ్లీ మంచినీళ్ల తొట్టిలో ముంచి ఉంచేవాళ్లమన్నారు. మునిగినదాన్ని మళ్లీ ముంచడమేంటని మేం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం.

అప్పటికి షెడ్డు ముందు పన్నెండు బండ్లు నిలబడ్డాయి. ఆటోలను తొట్టిలో ముంచలేం కదా. ఉస్తాద్, ఆయన షాగిర్ద్ కలిసి ఏ ఒక్కటీ పూర్తిగా బాగుచేయకుండా, ముందు అన్నింటికీ ప్లగ్గులు తీసి, నీళ్లు వెళ్లగొట్టి, సిలిండర్లలో ఆయిల్ పోసి మూసేశారు. ఆ తర్వాతే నంబర్.

ఇక్కడే ఇంట్లో గొడవ మొదలైంది. "మనోడే కదా, మనది ముందు చేయమను" అని ఆపా నాకు రెండుసార్లు ఫోన్ చేసింది. ఉస్తాద్ మొదట పట్టుకుంది ఒక కూరగాయల ట్రాలీని. ఆ మనిషి మాకు తెలియదు, ముసల్మాన్ కూడా కాదు. దుల్హాభాయ్‌కి కోపమొచ్చింది. "ఆయన రోజు కొని రోజు అమ్ముతాడు, ఇంట్లో వేరే కమాయి లేదు. నీకు బావమరిది ఉన్నాడు, రెండు పూటలు పెడతాడు" అన్నారు ఉస్తాద్, నా వైపు చూసి. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కానీ అందులో కాదనడానికేమీ లేదు.

ఆ ఎదురుచూపుల్లో మాటలు కచ్చులూరు వైపు మళ్లాయి. అది అంతకు ఏడాది ముందటి సంగతి. 2019 సెప్టెంబర్ 15న పాపికొండలకు వెళ్తున్న రాయల్ వశిష్ఠ బోటు దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగింది. అందులో 77 మంది ఉన్నారు. ఒడ్డునున్న గిరిజనులు పడవలేసుకొచ్చి 26 మందిని కాపాడారు. 51 మంది ఇంటికి తిరిగిరాలేదు. వాళ్లలో హైదరాబాద్‌వాళ్లు, వరంగల్ దగ్గర కడిపికొండవాళ్లు ఉన్నారు. బోటును తీసే పని కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందానికి ఇచ్చారు. లంగర్లు, ఇనుప రోపులు వేసి లాగితే రోపు తెగింది. వరద పెరిగి పని ఆగింది. మళ్లీ మొదలుపెట్టారు. విశాఖ నుంచి వచ్చిన డైవర్లు అడుగుకు దిగి రోపు కట్టాక, అక్టోబర్ 22న, 38వ రోజున బోటు ఒడ్డుకొచ్చింది. లోపల కొన్ని మయ్యత్‌లు దొరికాయి.

ఆ రోజుల్లో డెస్కులో కూర్చుని ఆ వార్తలన్నీ దిద్దింది నేనే. ఉస్తాద్ అడిగారు, "ఆ బోటు ఇంజన్ ఏం చేశారు?" అని. దాన్ని మళ్లీ నడపడానికి ఎవరూ తీయలేదు. ఆఖరి చూపు కోసం అన్ని రోజులు ఒడ్డున కూర్చున్నవాళ్ల కోసం తీశారు. మట్టి చేయడానికి మనిషి దొరక్కపోతే ఏ మజ్‌హబ్‌వాళ్లకైనా తసల్లీ ఉండదు. ఉస్తాద్ పానా కింద పెట్టి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత దుల్హాభాయ్‌తో మెల్లగా అన్నారు: "నీ ఆటోలో ఎవరూ లేరు మియా. లోహా హై, బన్ జాతా."

దుల్హాభాయ్ మళ్లీ తొందరపెట్టలేదు.

మా నంబర్ అయిదో రోజు వచ్చింది. పెట్రోల్ టాంకు ఖాళీ చేశారు, నీళ్లు బరువు కాబట్టి పెట్రోల్ అడుగున చేరి ఉన్నాయి. కార్బురేటర్ విప్పి కడిగారు. సెల్ఫ్ మోటార్ తెరిచి ఎండలో ఆరబెట్టారు. చక్రాల బేరింగుల్లో పాత గ్రీసు తుడిచి కొత్తది కూరారు. కొత్త ఆయిల్ పోసి కాసేపు నడిపి తీస్తే మళ్లీ చాయ్ రంగే. రెండోసారి పోశారు. మూడోసారికి రంగు మారకుండా వచ్చింది. అప్పుడు ఇచ్చారు తాళంచెవి.

సామాను పైసలు పూర్తిగా తీసుకుని, మజూరీ మాత్రం "నెలనెలా ఇవ్వు" అన్నారు. పన్నెండు మందికీ అదే లెక్క. ఆయన చేతుల్లో అల్లా బర్కత్ ఇవ్వాలి.

ఇప్పుడు ముసురు పట్టిందంటే చాలు, మా గల్లీ ఆటోలన్నీ మెయిన్ రోడ్డు ఎత్తు మీదికి చేరతాయి. మీ బండి ఎప్పుడైనా మునిగితే తాళంచెవి జేబులోనే ఉంచుకోండి. ముందు బ్యాటరీ వైరు తీయండి. తర్వాత దువా చేసుకుని మిస్త్రీ దగ్గరికి నెట్టుకుంటూ తీసుకెళ్లండి.