రేకా? పెంకా?

సౌదీలో ఏం పని చేస్తున్నావని ఊళ్లో ఎవరైనా అడిగితే "కప్పులేస్తుంటాను" అని చెబుతాను. హోటల్లో టీ కప్పుల పని కాబోలు అనుకుని జాలిపడి ఊరుకుంటారు. నేను వేసేది గోదాములకీ, వర్క్‌షాపులకీ రేకుల కప్పు. 2003లో జుబైల్‌లో హెల్పరుగా దిగినవాణ్ణి, ఇప్పుడు షీటింగ్ ఫోర్‌మన్ని. ఈ ఇరవై ఏళ్ల పైచిలుకులో నా చేతుల మీదుగా పైకెక్కిన రేకులన్నీ కింద పరిస్తే మా ఊరి జీడితోటలన్నీ కప్పెయ్యొచ్చు. కొంచెం కోతలు కోశాననుకోండి, సగం తోటలైనా కప్పొచ్చు.

అలాంటివాడికి, మా అమ్మ ఉండే ఇంటికి ఏ కప్పు వెయ్యాలో తేల్చుకోవడానికి నాలుగు నెలలు పట్టింది.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, వజ్రపుకొత్తూరు మండలం. ఇంటినుంచి సముద్రం మూడు కిలోమీటర్లు కూడా ఉండదు. కొబ్బరి, జీడి, పనస, మునగ. ఉద్యానవనమే ఉద్దానమయిందని పెద్దలంటారు. మా వైపు మగపిల్లలు చదువు ఒక గట్టున పడగానే వెల్డింగో, రిగ్గింగో నేర్చుకుని గల్ఫు విమానం ఎక్కడం మామూలే. మా వీధిలో ఇంటికొకడు బయటే ఉన్నాడు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను సరిగ్గా మా పలాస దగ్గరే తీరం దాటింది. గాలి గంటకి 140, 150 కిలోమీటర్లు, ఉండుండి 165. అక్కడ అయిదు గంటలంటే మాకిక్కడ రాత్రి రెండున్నర. క్యాంపులో ఉద్దానం వాళ్లం ఆరుగురం, ఒక్కరం కన్ను మూయలేదు. అర్ధరాత్రి దాకా తమ్ముడి ఫోను పలికింది. ఆ తర్వాత ఎవరి ఫోనూ పలకలేదు. నాలుగో రోజు మధ్యాహ్నం తమ్ముడు టెక్కలి దాకా పోయి అక్కణ్ణుంచి చేశాడు. "అన్నియ్యా, అమ్మ బాగుంది. ఇల్లు లేదు" అన్నాడు.

ఇల్లు లేదంటే గోడలున్నాయి. కప్పు లేదు. ముందు పెరటి తలుపు గడియ ఊడిందట. గాలి లోపలికి దూరిన మరుక్షణం సముద్రం వైపు పెంకులు పేకముక్కల్లా లేచిపోయాయట. మా ఇంట్లో స్లాబున్నది ఒక్క మరుగుదొడ్డికే. తెల్లారేదాకా అమ్మా, తమ్ముడూ అందులోనే నిలబడ్డారు.

మొత్తం ఇంటికే స్లాబు వేయించొచ్చు కదా అని మీరు అడుగుతారు. అందరూ అడిగారు. తుపాను ప్రాంతంలో స్లాబుని మించింది లేదు, అది నాకూ తెలుసు. కానీ ఉద్దానం పేరు పేపర్లలో దేనికి పడుతుందో మీకు తెలిసే ఉంటుంది. మా నాన్న మూత్రపిండాలు పాడై రెండేళ్లు విశాఖలో డయాలిసిస్ మీద ఉండి 2016లో పోయారు. స్లాబుకని దాచిన డబ్బు అందులో అయింది, పైన కొంత అప్పు మిగిలింది. ఇంకో సంగతి, స్లాబు మోయాలంటే తాత కట్టిన మట్టిగోడలు పడగొట్టాలి. మూర వెడల్పు గోడలవి. మే నెలలో కూడా లోపల చల్లగా ఉంటుంది. అవి పడగొడతానంటే అమ్మ ఒప్పుకోదు. కాబట్టి మిగిలింది రెండే. రేకు, లేదా మళ్లీ పెంకు.

తమ్ముడు పలాసలో జీడిపిక్కల ఫ్యాక్టరీలో చేస్తాడు. వాడు రేకే అన్నాడు. "ఇప్పుడు పెంకు నేసేవాడేడీ? కోతులెక్కి తొక్కితే నెలకో వంద పగుల్తాయి. నువ్వే రేకుల మేస్త్రీవి కదా, నీకెందుకు అనుమానం?" అమ్మ ఐమోలో మొహం సగమే కనపడేట్టు ఫోను పట్టుకుని, "పశువుల సాలకి రేకులేస్తారు గానీ మనుసులుండే ఇంటికేస్తారేటి బాబూ? మట్టమధ్యాన్నం అందులో కూకుంటే అప్పడంలాగ యేగిపోమా? వాన పడితే నీ మాట కూడా ఇనపడదు" అంది.

ఇద్దరి మాటా నిజమే. అదే చిక్కు.

ఇక్కడ సౌదీలో ఇంటికప్పు గురించి అడగడానికి లేదు. ఇళ్లన్నీ చదరపు కాంక్రీటు డాబాలు. ఎర్ర పెంకు పెద్ద విల్లాల పిట్టగోడ మీద షోకుకి పెడతారు, దాన్ని కర్మీద్ అంటారు. అయితే మా క్రూలో తుపాను దేశాల వాళ్లకి కొదవ లేదు. చార్జిహ్యాండ్ ఫిలిప్పీన్స్‌లోని లేతే ద్వీపం వాడు. 2013 నవంబరు 8న వాళ్ల టాక్లోబాన్‌ని హయాన్ తుపాను ఊడ్చేసింది, దేశం మొత్తంలో ఆరు వేలమంది పైగా పోయారు. ఎక్కువమందిని చంపింది ఉప్పెన. కానీ ఆ రోజు మాట వస్తే ఇతను మాత్రం రేకుల గురించే చెబుతాడు. వాళ్లు యెరో అంటారు. "నీళ్లు కనపడతాయి, పరిగెత్తొచ్చు. చీకట్లో ఎగిరొచ్చే యెరో కనపడదు" అన్నాడు. మళ్లీ ఇల్లు కట్టుకున్నప్పుడు ఏం వేశావంటే, "యెరోనే. ఇంకేం వేస్తాం, డబ్బులేవీ?" అని నవ్వాడు.

సైటు తనిఖీకి వచ్చే ఆస్ట్రేలియా ఇంజనీరు ఒకాయన డార్విన్ కథ చెప్పాడు. 1974 క్రిస్మస్ నాటి తెల్లవారుజామున ట్రేసీ తుపానుకి ఆ ఊళ్లో రేకుల కప్పులు వరసపెట్టి లేచిపోయాయి. తర్వాత వెళ్లి చూస్తే చాలాచోట్ల మర ఎక్కడిది అక్కడే ఉంది, రేకు లేదు. గాలికి రేకు గంటల తరబడి కొట్టుకుని కొట్టుకుని మర చుట్టూ లోహం అలిసిపోయి చిట్లింది. ఇనుప తీగెని అటూ ఇటూ వంచితే తెగుతుంది చూడండి, అదే. అప్పణ్ణుంచి వాళ్లు మర తల కింద రేకు ఒంపుకి సరిపడా పెద్ద వాషరు వేస్తారు. సైక్లోన్ వాషరనే దాని పేరు.

రేకు పనికిరాదు, పెంకే మేలు అనుకోకండి. 1992 ఆగస్టు 24న ఫ్లోరిడా మీద పడ్డ ఆండ్రూ హరికేన్‌లో సున్నం, సిమెంటు కలిపి అతికించిన పెంకులు పట్టు వదిలి ఎగిరి పక్కింటి కిటికీలు పగలగొట్టాయి. అంతదూరం ఎందుకు, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖ విమానాశ్రయం కప్పే చిరిగింది. అది ఇంజనీర్లు లెక్కలు వేసి కట్టింది.

లెక్క అంటే గుర్తొచ్చింది, చిన్న లెక్క చెబుతాను, విసుక్కోకండి. భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగంలో గాలి పటం ఉంటుంది. మా తీరానికి అందులో సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. ఆ గాలి తెచ్చే ఒత్తిడి చదరపు మీటరుకి దగ్గర దగ్గర 150 కిలోలు. చాలామంది గాలి కప్పుని పైనుంచి తోస్తుందనుకుంటారు. అది పైకి లాగుతుంది. అంచుల్లో, మూలల్లో ఇంకా గట్టిగా లాగుతుంది. తలుపు విరిగితే లోపలి గాలి కూడా కిందనుంచి ఎత్తుతుంది. మా ఇంట్లో పెరటి తలుపు చేసింది అదే. ఇప్పుడు బరువు చూడండి. బెంగుళూరు పెంకు చదరపు మీటరుకి పదిహేను పడుతుంది, అంతా కలిపి నలభై కిలోలు. అర మిల్లీమీటరు రేకు అయిదు కిలోలు. నూట యాభై ముందు నలభై ఎంత, అయిదు ఎంత? కప్పుని బరువు ఆపదు. దాన్ని కింద దేనికి కట్టాం, ఆ కట్టు నేలదాకా దిగిందా లేదా అన్నదే చూడాలి. అదీగాక చాలామంది పెంకుకీ రేకుకీ పోట్లాడతారు గానీ కింద ఉన్న వాసాన్ని చూడరు. మా పాత ఇంట్లో తాటివాసాలు దూలం మీద ఊరికే ఆనుకుని ఉండేవి. ఒక్క మేకు చొప్పున, అంతే.

మా నానమ్మ కాలంలో ఆ తీరమంతా చుట్టిళ్లు ఉండేవి. గుండ్రటి మట్టిగోడ, దాని మీద నడుము ఎత్తుదాకా దిగిన తాటాకు కప్పు. గాలి పట్టుకోవడానికి దానికి మూల లేదు. అయిదో తరగతి కూడా చదవనివాళ్లు కట్టారు వాటిని. ఇప్పుడు తాటాకు నేసేవాళ్లు లేరు, నిప్పు భయం ఒకటి. మళ్లీ చుట్టిల్లు కట్టుకుందామా అని అమ్మని ఆటపట్టిస్తే, "నువ్వొచ్చి నేస్తావేటి?" అంది.

రేకు విషయంలో నన్ను వెనక్కి లాగింది ఇంకొకటుంది. జుబైల్ సముద్రపు ఉప్పుగాలిలో రేకు కంటే ముందు మర పోతుంది. అల్యూమినియం, జింకు పూత ఉన్న మంచి రేకు అలాగే మెరుస్తుంటుంది, చవక మర తల మాత్రం ఎర్రబడి రాలిపోతుంది. ఇక్కడైతే ఏడాదికోసారి మేం ఎక్కి చూస్తాం, పాడైన మర మారుస్తాం. జూన్‌లో షమాల్ గాలి లేచిందంటే మర బిగించని రేకు ఒక్కటి కూడా పైన ఉంచనివ్వను. ఊళ్లో అరవై అయిదేళ్ల అమ్మ కప్పెక్కి మరలు చూస్తుందా? పెంకు పగిలితే కింద నిలబడి చూసినా వెలుతురు కనపడుతుంది. ఆ ఒక్కటీ తీసి ఇంకోటి పెట్టొచ్చు, నాకోసం ఆగక్కర్లేదు. పైగా పెంకుల సందుల్లోంచి కొంత గాలి బయటికి పోతుంది. పోతే ఒకటీ రెండూ పోతాయి. రేకు పోతే అయిదు మీటర్లది ఒకేసారి పోయి ఎవరి మెడ మీదో పడుతుంది.

అలా రేకుల మేస్త్రీనైన నేను పెంకు వైపు ఒరిగాను. తమ్ముడు రెండ్రోజులు మాట్లాడలేదు.

2019 ఫిబ్రవరిలో నలభై అయిదు రోజుల సెలవు దొరికింది. అప్పటిదాకా అమ్మ నీలం టార్పాలిన్ కిందే ఉంది. అందరూ అత్తరు సీసాలు, ఖర్జూరాలు మోస్తారు. నా పెట్టెలో ఆరు కిలోల మరలు, రబ్బరు వాషర్లు, ఆస్ట్రేలియా ఇంజనీరు తెప్పించి ఇచ్చిన సైక్లోన్ వాషర్లు. హైదరాబాదులో కస్టమ్స్ అతను పెట్టె తెరిపించి ఒక వాషరు వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికోసం సౌదీ వెళ్లావా?" అన్నాడు. ఫలక్‌నుమా ఎక్కి పలాసలో దిగాను.

పాత రెండు వాలుల కప్పు మానేసి నాలుగు వైపులా వాలు పెట్టించాను. వాలు ముప్పై డిగ్రీలకి దగ్గరగా. ఇంటి చుట్టూ గోడనానుకుని ఎనిమిది ఇనుప పైపులు, మూడడుగుల లోతున కాంక్రీటులో. దూలాలు వాటికి, వాసాలు దూలాలకి, ఇనుప పట్టీలు వంచి బోల్టులు వేశాం. మట్టిగోడ తన పని తాను చేసుకుంటుంది, కప్పుని పట్టుకునే పని దానికి లేదు. చూరు బయటికి రెండడుగులుండేది, ఒక అడుగుకి తగ్గించాను. అమ్మకి అది నచ్చలేదు, వడియాలు నీడన ఎక్కడ పెట్టుకోవాలంది. అందుకే ముందు పంచకీ, వెనక వంటింటికీ విడిగా రేకులు వేశాను. వాటి దూలాలు పెద్ద ఇంటి కప్పుకి తగల్లేదు. పెద్ద గాలికి పంచ కప్పు పోయినా అది పోతూ పెద్ద ఇంటి కప్పుని లాక్కుపోకూడదు. తమ్ముడికి కూడా రేకు దక్కింది, మళ్లీ మాట కలిపాడు.

పెంకులు వెయ్యి పైనే పట్టాయి. మనం బెంగుళూరు పెంకులంటాం గానీ అవి పుట్టింది మంగుళూరులో. 1865లో బాసెల్ మిషన్ వాళ్లు అక్కడ మొదటి పెంకుల ఫ్యాక్టరీ పెట్టారు. వెనక ముక్కులో కన్నమున్నవి ఏరి తెచ్చుకున్నాం. చూరు దగ్గర మూడు వరసలు, కొప్పుకి అటూ ఇటూ రెండు వరసలు, నాలుగు మూలల పెంకులు, ప్రతిదాన్నీ రాగితీగెతో పట్టీకి కట్టాం. ఇనుప తీగె ఉప్పుగాలికి రెండేళ్లు ఉండదు. డెబ్భై ఏళ్ల వడ్రంగి తాత మొదటిరోజు నవ్వాడు. "ఇల్లేటి గేదా? ఇన్ని తాళ్లు కడతన్నావు" అన్నాడు. మూడోరోజుకి తనే, ఆ మూల ఇంకో రెండు కట్టు, గాలి ఎప్పుడూ అటేపు నుంచే వస్తాది అని చూపించాడు. ఆ దిక్కు ఏ పటంలోనూ లేదు. కట్టాను. పెరటి తలుపుకి అడ్డగడియ వేయించాను, మొత్తం కప్పుకంటే అదే ముఖ్యమని తమ్ముడికి పదిసార్లు చెప్పాను.

ఖర్చు నా అయిదు నెలల జీతం. మొత్తం రేకే వేసి ఉంటే ఇందులో సగంలో తేలేది. ఆ తేడా గురించి తమ్ముడు ఇప్పటికీ సన్నగా దెప్పుతుంటాడు. మా ఊళ్లో తిత్లీ తర్వాత లేచిన కప్పుల్లో ఎక్కువ భాగం సన్నరేకులే, వాటిని నేను తప్పు పట్టను. చేతిలో ఉన్న డబ్బుకి అదే వస్తుంది. కనీసం మరలు దగ్గర దగ్గరగా బిగించమని, అంచుల్లో రెట్టింపు వెయ్యమని నలుగురైదుగురికి నిచ్చెన ఎక్కి చూపించి వచ్చాను.

తర్వాత కరోనా. 2020లో వెళ్లడం కుదరలేదు, 2021లోనూ కుదరలేదు. ఆ సెప్టెంబరు 26 సాయంత్రం గులాబ్ తుపాను కళింగపట్నానికి ఉత్తరంగా తీరం దాటింది. గాలి వంద కిలోమీటర్ల లోపే, తిత్లీ ముందు అది పిల్ల. దాన్ని పరీక్ష అనడానికి లేదు. అయినా ఆ రాత్రి మళ్లీ క్యాంపులో మేం ఎవరం పడుకోలేదు. ఈసారి ఫోను మాత్రం పలుకుతూనే ఉంది. వంటింటి రేకుల మీద వాన మోతలో అమ్మ మాట నిజంగానే ఇనపడలేదు. పెద్దింట్లోకి వచ్చి మాట్లాడమని అరిచాను. వచ్చింది. అక్కడ వినపడింది.

పొద్దున్న తమ్ముడు ఫొటో పంపాడు. పెరటివైపు మూడు పెంకులు పగిలాయి. గాలికి కాదు, చెట్టుమీదనుంచి కొబ్బరిగెల పడింది. ఆ చెట్టు కొట్టించెయ్యమని అమ్మకి చెప్పాను. "తిత్లీకే పడలేదు ఆ చెట్టు. ఇప్పుడు నువ్వు పడగొడతావేటి?" అని ఫోను తమ్ముడి చేతికిచ్చేసింది. వాడు ఆ వారమే పెంకులు మార్చాడు గానీ తీగె కట్టలేదు, నేనొచ్చి కట్టుకుంటానని వదిలేశాడు. 2022 ఏప్రిల్లో దిగినరోజు మధ్యాహ్నం భోజనం కాకముందే నిచ్చెన వేయించి ఆ మూడూ కట్టాను. కింద అమ్మ నిచ్చెన పట్టుకుని నిలబడింది. చెట్టు ఇంకా అక్కడే ఉంది.