ముయ్యి మిగలనీ

ఆదోని పత్తి మార్కెట్లో ఒక మండీకి గుమాస్తాగా పనిచేసే క్లాస్‌మేట్ ఒకడున్నాడు నాకు. పొద్దస్తమానం వాడి పని లెక్కలే. ఏ రైతు ఎన్ని క్వింటాళ్లు తెచ్చాడు, టెండరులో ఎంత పలికింది, హమాలీకి ఎంత పోయింది, విత్తనాలప్పుడు తీసుకున్న అప్పు పోను చేతికి ఎంత వస్తుంది. రూపాయి తేడా వచ్చినా అది తేలేదాకా ఇంటికి పోడు. అలాంటివాడు నాకిచ్చిన సలహా ఏమిటంటే, మనుషుల దగ్గర మాత్రం లెక్క తెంచుకోవద్దని.

మాది కృష్ణగిరి మండలంలో ఒక పల్లె. వానను నమ్ముకున్న మెట్ట. వాడిది ఎమ్మిగనూరు దగ్గర, తుంగభద్ర దిగువ కాలువ కింద. ఎమ్మిగనూరులో ఒకే బెంచీ మీద కూర్చుని 1994లో పది పాసయ్యాం. తర్వాత నేను కర్నూలు, హైదరాబాదు మీదుగా డల్లాస్ చేరాను. వాడు ఆదోని దాటలేదు. బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఇద్దరం ఉన్నా పండగలకు దండం బొమ్మలు పెట్టుకోవడం తప్ప మాటల్లేవు.

2024 ఆగస్టు 10 రాత్రి హోస్పేట దగ్గర తుంగభద్ర డ్యాం 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. ఆ వీడియో నా ఫోనుకు వచ్చేసరికి ఇక్కడ శనివారం. డ్యాంలో నీళ్లు ఖాళీ అయితే దిగువ కాలువ కింద పైరు ఏం కావాలి? ఉండబట్టలేక వాడికి ఫోన్ చేశాను. గేటు సంగతి రెండు మాటల్లో తేల్చేశాడు. (రిటైరైన ఇంజనీరు కన్నయ్యనాయుడు వచ్చి, పారే నీళ్లలోనే ఇనుప పలకలు దింపించి ఆ ఖాళీని మూయించింది తర్వాతి వారంలో.) ఆ తర్వాత అడిగాడు:

"సరేరా, ఏం కావల్ల నీకు?"

"ఏమీ వద్దురా, ఊరికే చేసినా."

"ఊరికే యాల చేస్తావు? ఏదో ఒకటి కావాలంటేనే కదా మనిషికి మనిషి యాదికొచ్చేది."

కసురుకున్నాడేమో అనుకున్నాను. కాదు, నిజంగానే అడుగుతున్నాడు. అప్పటినుంచి వారానికోసారి మాట్లాడుకుంటున్నాం, మాటల్లో వాడి సిద్ధాంతం కొంచెం కొంచెంగా బయటపడింది. దాని పేరు ముయ్యి.

మా వైపు వాళ్లకు చెప్పనక్కర్లేదు, మిగిలినవాళ్ల కోసం చెబుతాను. కలుపు తీయడానికి, బుడ్డలు (వేరుశనగ) పీకడానికి కూలి ఇచ్చుకోలేని ఇళ్లు ఒకరి చేనికి ఒకరు పోతాయి. ఈరోజు మీ చేన్లో మేం, రేపు మా చేన్లో మీరు. ఒంటెద్దు ఉన్నవాడు ఇంకో ఒంటెద్దు ఉన్నవాడితో జత కట్టి ఇద్దరి పొలాలూ విత్తుకుంటాడు. పెళ్లిలో చదివించిన డబ్బూ అంతే, నోటుబుక్కులో పేరు పక్కన రాసి పెట్టుకుని, వాళ్లింట్లో పెళ్లయినప్పుడు తిరిగి చదివిస్తారు. ఇంతవరకు నాకూ తెలుసు. నాకు పట్టనిది, వాడు పట్టుకున్నది వేరే. "మావోడు పెండ్లికి ఐదునూర్లు సదివిస్తే నువ్వు ఆరునూర్లు సదివియ్యల్ల. సరిగ్గా ఐదునూర్లే పెడితే ఏమైనట్టు? నీకూ నాకూ సరిపాయ, ఇంగ మా గడప తొక్కొద్దు అన్నట్టు కాదా?"

ఈ మాట విన్నాక నాకు మానవశాస్త్రవేత్త డేవిడ్ గ్రేబర్ పుస్తకం గుర్తొచ్చింది. అప్పుల చరిత్ర మీద 2011లో ఆయన రాసిన లావుపాటి పుస్తకమది. నైజీరియాలో తివ్ జాతి ఆడవాళ్ల గురించి ఇంకో మానవశాస్త్రవేత్త లారా బొహానన్ చెప్పిన ముచ్చట అందులో ఉంది. ఊళ్లోకి కొత్తగా వచ్చిన ఈమెకు ఇరుగుపొరుగువాళ్లు గుడ్లో, కూరగాయలో ఇచ్చిపోయేవారు. తిరిగి ఏదో ఒకటి ఇవ్వాలి, కానీ తీసుకున్న దానికి సరిగ్గా సమానంగా ఇవ్వకూడదు. కాస్త ఎక్కువో తక్కువో ఉండాలి. సరిసమానంగా ఇచ్చారంటే ఆ పొరుగామెతో ఇక పని లేదని చెప్పినట్టే. అంతకు చాలా ముందే, 1925లో, ఫ్రెంచి పండితుడు మార్సెల్ మాస్ ఇచ్చిపుచ్చుకోవడాల మీద ఒక పెద్ద వ్యాసం రాశాడు. ఇవ్వడం, పుచ్చుకోవడం, తిరిగివ్వడం మూడూ బాధ్యతలేనని ఆయన తేల్చాడు. ఇవన్నీ మావాడికి చెప్పాను. "అంత దూరం పోయి కనుక్కున్నారా పాపం!" అన్నాడు.

వాడి తెలివి పుస్తకాలది కాదు, సుగ్గిది. కోసిగి, కౌతాళం, మంత్రాలయం, పెద్దకడుబూరు వైపు చేనులో పని అయిపోగానే ఊళ్లకు ఊళ్లు గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోతాయి. సుగ్గి అంటే ఇదే. బియ్యం, జొన్నలు, గిన్నెలు, కోళ్లతో సహా బండెక్కుతారు. పిల్లలనూ తీసుకుపోతే చదువు పాయె, వదిలిపెడితే ముసలివాళ్ల పాలు. అందుకే సర్కారు ఆ కాలానికి హాస్టళ్లు నడపాల్సి వచ్చింది. మావాడి అమ్మానాన్నా సుగ్గికి పోయేవాళ్లు. వాడు అవ్వ దగ్గర ఉండేవాడు. అవ్వ మంచాన పడిన ఏడు పక్కింటివాళ్లు అన్నం పెట్టి బడికి పంపారు. మరుసటి ఏడు ఆ పక్కింటివాళ్లు గుంటూరు పోతే వాళ్ల ఇద్దరు పిల్లలనూ వీళ్లమ్మ ఊళ్లోనే ఉండిపోయి చూసుకుంది, ఆ ఏటి కూలి పోగొట్టుకుని. ఒక పిల్లోడికి ఇద్దరు పిల్లలు, లెక్క సరిపోలేదు కదా అని నేనన్నాను. "సరిపోకనే కదరా, ఇప్పటికీ ఆ ఇంట్లో పుట్టుకకూ చావుకూ ముందు మాకే ఫోన్ వస్తాంది."

మా ప్రాంతాన్ని చూస్తే ఈ ఆలోచన ఎక్కడినుంచి వచ్చిందో తెలుస్తుంది. 1876-78 ధాత కరువు కర్నూలు జిల్లాను ఊడ్చిపెట్టింది. ఆ తర్వాత కూడా వాన ఏనాడూ మాట నిలబెట్టుకోలేదు. ఒంటరిగా బతకడానికి వీల్లేని నేల అది. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లోనే చేనేత సహకార సంఘం పెట్టి మగ్గాలవాళ్లను ఒకచోట చేర్చాడంటే ఊరికే కాదు.

నేనుండే టెక్సస్‌లోనూ పత్తి ఉంది. లబ్బక్ చుట్టూ కనుచూపు మేర తెల్లగా. ఒక్క మనిషి యంత్రం మీద కూర్చుని చేనంతా ఏరేస్తాడు. వెనక నుంచి ప్లాస్టిక్ చుట్టిన పెద్ద పెద్ద పత్తి చుట్టలు దొర్లి పడతాయి. పక్క రైతు పేరు తెలియకపోయినా పంట ఇంటికొస్తుంది. ఇక మా డల్లాస్ తెలుగువాళ్లం ఐటీ ఉద్యోగాల్లో ఉండి ఆ రైతు కంటే నయమేమీ కాదు. ఎయిర్‌పోర్టుకు ఊబర్, ఇల్లు మారితే మూవర్స్, కాన్పుకు సాయం కావాలంటే ఇండియానుంచి అత్తగారు. భోజనానికి వెళ్లామంటే బిల్లు వచ్చేలోపే ఫోన్లో యాప్ ఎవరి వాటా ఎంతో సెంట్లతో సహా చెప్పేస్తుంది. ఊరికి డబ్బు పంపుతాం, అది పంపినంత సుఖం ఇంకోటి లేదు. మనం ఎవరినీ ఏదీ అడగం. అడగకపోవడం మనకు గొప్ప.

దీని మీదే వాడు నన్ను పట్టుకున్నాడు. "నువ్వు ఇచ్చేవాడివే కానీ అడిగేవాడివి కాదు. అడగనోడు దేవుడన్నా కావల్ల, షావుకారన్నా కావల్ల. సుట్టమైతే కాదు."

మా ఆఫీసులో ఒక కుర్ర జంట ఉంది. ఇంటి అద్దె, కూరగాయలు, పాలు, సినిమా టికెట్లు అన్నీ సగం సగం, ఏ నెలకానెల చెల్లు. మాట్లాడుకోవడం తగ్గిపోయిందని వాళ్లే నాతో అంటే ఆ సంగతి మావాడి చెవిన వేశాను. కాసేపు ఆలోచించాడు. "ఇద్దురూ ఎప్పటిదప్పుడు లెక్క తెంచుకోని పండుకుంటాండారు. ఇంగ తెల్లారి లేసి దేనికని మాట్లాడుకోవల్ల?" కొట్లాటల విషయంలోనూ వాడిది ఇదే మాట. ఇక్కడి కౌన్సెలర్లు కోపంతో పడుకోవద్దు, ఆ రాత్రే తేల్చుకోండి అంటారు. వాడు కొంచెం మిగల్చమంటాడు. ఇందులో నేను వాడితో ఏకీభవించను. మిగిల్చిన బాకీ బంధమవుతుందేమో కానీ మిగిల్చిన కొట్లాట కుళ్లుతుంది. అలా కుళ్లిన ఇళ్లు నేను ఇక్కడా చూశాను, మా ఊళ్లోనూ చూశాను. వాడు ఒప్పుకోలేదు.

అసలు దెబ్బ మాత్రం మా ఆవిడ కొట్టింది. స్పీకర్లో ఇదంతా విని, "అన్నా, బాగానే చెప్తావుండావు. ముయ్యికి మనుషులొస్తే వండేది ఎవరు? కలుపు తీసొచ్చిన ఆడమనిషే కదా మళ్లీ పొయ్యి ముందర కూర్చునేది? మీ ముయ్యిలో మా ముయ్యి ఎవరు తీరుస్తారు?" అంది. అవతల వాడి గొంతు లేదు. కాసేపటికి వాళ్లావిడ ఫోన్ లాక్కున్నట్టుంది. "నిజం చెప్తివక్కా, ఇన్నాళ్లకు ఒకరు అడిగినారు" అంది. ఆ తర్వాత వాళ్లిద్దరూ మాట్లాడుకున్నంత సేపు మేమిద్దరం వినేవాళ్లమే.

ఆ వారంలోనే నేను వాడిని మొదటిసారి ఒక పని అడిగాను. శ్రావణ సోమవారం మా అమ్మను ఉరుకుంద ఈరన్న స్వామి దగ్గరికి తీసుకెళ్లమని. టాక్సీకి డబ్బు పంపుతానని నోటిదాకా వచ్చింది కానీ మింగేశాను. బీటెక్ చదువుతున్న వాళ్లమ్మాయికి ఆదివారాల్లో ఇంటర్వ్యూ ఇంగ్లీషు నేర్పమని వాడు అడిగాడు. ఆ పిల్ల చురుకైంది, నా ప్రశ్నల్లో తప్పులు పడుతుంది. అమ్మను వాడు ఉరుకుందకే కాక మంత్రాలయానికి కూడా తిప్పుకొచ్చాడు కాబట్టి బాకీ నాదే అంటాను. కాదు, పిల్ల చదువుకు గంటలు పెడుతున్నావు కాబట్టి తనదే అంటాడు.

వచ్చే జనవరిలో ఎమ్మిగనూరు నీలకంఠేశ్వర స్వామి జాతరకు రమ్మన్నాడు. హోటల్ తీసుకుంటే మర్యాదగా ఉండదు, ఇంట్లోనే దిగాలట. వంట ఎవరు చేస్తారో ముందు కనుక్కోమంది మా ఆవిడ. కనుక్కున్నాను. వాడే నేర్చుకుంటున్నాడట. ఉగ్గాని దాకా వచ్చిందని, బజ్జీలు మాత్రం అంగడి నుంచి తెప్పించుకుందామని కబురు పెట్టాడు.