చప్పుడు కాకుండా

నలభై తొమ్మిదో ఏట నేను డ్రమ్స్ కొనుక్కున్నాను. ఈ మాట రాయడానికి ఇప్పటికీ కొంచెం సిగ్గుగానే ఉంది. కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకునే మనిషికి ఈ వయసులో ఇదేం సరదా అని చోడవరంలో మా వీధివాళ్ళెవరూ అనలేదు. ఎందుకంటే ఎవరికీ తెలియదు. నేను కొన్నవి ఎలక్ట్రానిక్ డ్రమ్స్. విశాఖపట్నంలో పై చదువులకి విదేశం వెళ్ళిపోతున్న ఒక అబ్బాయి దగ్గర సగం ధరకి తీసుకున్నాను. వాటిని కొడితే బయటికి వచ్చేది చిన్న టపటప మాత్రమే. అసలు శబ్దం హెడ్‌ఫోన్స్‌లో, వాయించే మనిషి చెవుల్లోనే ఉంటుంది. మేడ మీది గదిలో నేను వాయిస్తుంటే కింద అమ్మకి కూడా వినపడదు. వాటిని ఎంచుకున్నదే అందుకు.

మొదటి నెల హాయిగా గడిచింది. డ్రమ్స్‌తో పాటు వచ్చిన చిన్న పెట్టెలోనే కొన్ని శబ్దాలుంటాయి. దాన్ని మాడ్యూల్ అంటారు. తర్వాత మా మేనకోడలు సెలవులకి వచ్చి, "అత్తా, ఇవి బొమ్మ శబ్దాలు. అసలైన డ్రమ్స్‌ని స్టూడియోలో రికార్డు చేసిన సాఫ్ట్‌వేర్ ఉంది, పెడతానుండు" అని నా లాప్‌టాప్‌లో ఎక్కించింది. మాడ్యూల్ నుంచి లాప్‌టాప్‌కి యు.ఎస్.బి. తీగ కలిపింది. నేను కొట్టాను. ఎక్కడో నాలుగు వీధుల అవతల పెళ్ళి బ్యాండు పోతున్నట్టు వినిపించింది. వాల్యూం పూర్తిగా పెంచాను. శబ్దం పెద్దదయింది గానీ బలం రాలేదు. గుసగుసని మైకులో పెట్టినట్టుంది.

ఎవరికీ వినపడకూడదని కొనుక్కున్న వాద్యం చివరికి నాకే వినపడలేదు.

మా పిల్ల కంగారు పడలేదు. "లోపం ఎక్కడుందో ఒక్కో మెట్టూ చూద్దాం" అంది. ముందు హెడ్‌ఫోన్స్ తీసి మాడ్యూల్‌కే పెట్టింది. బాగానే మోగింది. అంటే ప్యాడ్లూ తీగలూ పాడవలేదు. తర్వాత అవే హెడ్‌ఫోన్స్‌తో లాప్‌టాప్‌లో సినిమా పాట వినిపించింది. చెవులు అదిరాయి. లాప్‌టాప్ తప్పూ కాదు. ఆ తర్వాత తెర మీది డ్రమ్ బొమ్మని మౌస్‌తో నొక్కింది. ధన్ మని మోగింది. సాఫ్ట్‌వేర్ తప్పూ కాదు. "అయితే నువ్వు కొట్టిన దెబ్బ దానికి చేరేటప్పుడు చిన్నదైపోతోందత్తా" అంది.

అప్పుడు తెలిసింది నాకు, ఆ తీగలో శబ్దమే పోదని. మిడి అనే పద్ధతి 1983 నుంచీ ఉంది. ఎలక్ట్రానిక్ వాద్యాలన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకునే భాష అది. ప్యాడ్ కింద ఒక చిన్న బిళ్ళ ఉంటుంది. దెబ్బకి అది అదిరి కొంచెం విద్యుత్తు పుడుతుంది. మాడ్యూల్ దాన్ని కొలిచి 1 నుంచి 127 లోపు ఒక అంకె వేస్తుంది. తీగలో వెళ్ళేది ఆ అంకే. సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో డ్రమ్‌ని మెల్లగా, మధ్యరకంగా, గట్టిగా ఎన్నో విధాలుగా కొట్టి రికార్డు చేసి ఉంచుతారు. 40 వస్తే మెల్లగా కొట్టినది వినిపిస్తుంది, 120 వస్తే గట్టిగా కొట్టినది. ఈ రెండూ ఒకే శబ్దానికి చిన్నా పెద్దా రూపాలు కావు. వేర్వేరు శబ్దాలు. అందుకే వాల్యూం ఎంత పెంచినా మెల్లని దెబ్బ మెల్లని దెబ్బగానే ఉంటుంది.

అంకెలు కనిపించే కిటికీ తెరిచింది. నేను గట్టిగా అనుకుని కొట్టినవి 38, 45, 52. పళ్ళు బిగించి కొడితే 71. తను కొట్టింది. 96.

"నీ చెయ్యి కూడా కొంచెం భయపడుతోందత్తా" అంది నవ్వుతూ. నేను నవ్వలేకపోయాను.

చోడవరం స్వయంభూ విఘ్నేశ్వరుడి ఊరు. చిన్నప్పుడు చవితి రోజుల్లో గుడి దగ్గర వాయించే వాద్యాలకి నా కాళ్ళు నిలిచేవి కావు. తప్పెటగుళ్ళ వాళ్ళు వస్తే, రొమ్ముకి కట్టుకున్న రేకు తప్పెట్లని రెండు చేతులా వాయిస్తూ ఎగురుతుంటే, ఆ చప్పుడు నా పొట్టలో మోగేది. ఆ గుంపులో ఒక్క ఆడమనిషీ ఉండేది కాదు. ఇంటికొచ్చి బియ్యం డబ్బా బోర్లించి వాయించేదాన్ని. "ఏటే ఆ సప్పుడు? ఇరుగుపొరుగోళ్ళు ఇంటే ఏటనుకుంటారు?" అనేది అమ్మ. కొట్టేది కాదు, తిట్టేది కూడా కాదు. ఆ ఒక్క మాటే. నేను వాయించడం మానలేదు. వేళ్ళ కొసలతో వాయించడం నేర్చుకున్నాను. గిన్నె పెట్టినా, తలుపు వేసినా, చప్పుడు కాకుండా చెయ్యడం మనకెంత బాగా వచ్చు!

చర్మవాద్యాల దగ్గరికి మన ఆడవాళ్ళు వెళ్ళలేదని కాదు. మృదంగంలో దండమూడి సుమతీ రామమోహనరావు గారు జీవితమంతా వాయించారు. 2021లో పద్మశ్రీ వచ్చింది. అమెరికాలో వయోలా స్మిత్ అనే డ్రమ్మర్ 1942లోనే డౌన్ బీట్ పత్రికలో వ్యాసం రాసింది. మగ వాద్యకారులు యుద్ధానికి వెళ్ళిపోతున్నారు కదా, ఆ చోట్లలో ఆడవాళ్ళని పెట్టుకోండని అడిగింది. ఆమె నూట ఏడేళ్ళు బతికి 2020లో పోయింది. వాళ్ళ గురించి చదివినప్పుడల్లా వాళ్ళ ప్రతిభ గురించే ఆలోచించాను. వాళ్ళ మోచేతుల గురించి, అవి ఎక్కడా సంకోచించకుండా ఎలా పెరిగాయా అని, ఇప్పుడు ఆలోచిస్తున్నాను.

అయితే తప్పంతా నా చేతిదేనా? "కాదు" అంది మా పిల్ల. ఈ సెట్టు ముందు ఒక బలమైన కుర్రాడిది. అతని దెబ్బకి సరిపోయేలా ప్యాడ్ల సెన్సిటివిటీ బాగా తగ్గించి ఉంది. అతనికి 127 అంటే ఎంతో, ఆ కొలతతోనే నన్నూ కొలుస్తోంది ఆ పెట్టె. నేను నెల రోజులు నా చేతినే అనుమానించాను గానీ, కొలబద్ద ఎవరి చేతికి సరిపోయేలా పెట్టారని అడగలేదు.

సెన్సిటివిటీ పెంచాం. ఉత్సాహం కొద్దీ ఎక్కువే పెంచాం. ఇక ఎలా కొట్టినా 127. ఒక ప్యాడ్ కొడితే ఆ అదురుకి పక్కది కూడా మోగడం మొదలుపెట్టింది. అంతా గట్టిగా ఉంటే వాద్యం లేదు, గోల ఉంది. మళ్ళీ తగ్గించాం. మామూలు దెబ్బ 80, 90 మధ్య, తాకీ తాకని దెబ్బ 25 దగ్గర, నా బలమంతా పెట్టిన దెబ్బ ఒక్కటే 127ని అందుకునేలా కుదిర్చాం. చివరికి సాఫ్ట్‌వేర్‌లో వెలాసిటీ కర్వ్ అనేదాన్ని కొంచెం పైకి వంచాం. దాంతో నా మధ్యరకం దెబ్బలకి కూడా ప్రాణం వచ్చింది. అప్పుడు వాల్యూం సగానికి తగ్గించాల్సి వచ్చింది.

స్త్రీల గొంతు గురించి ఎన్ని పత్రాలు చదివానో. గొంతు పెంచాలి, వినిపించాలి అనే రాశాను. మన రచనల్ని సున్నితం, సుకుమారం అని ఒకసారి అంచనా కట్టేశాక, ప్రత్యేక సంచికలు వేసి, సభలు పెట్టి వాల్యూం పెంచుతారు. శబ్దం పెద్దదవుతుంది. మొదట వేసిన ఆ అంకె మాత్రం మారదు. కొలిచే చోటికి వెళ్ళి అడగాలని ఇన్నేళ్ళ చదువులో నాకు తట్టలేదు. మా పిల్ల అరగంటలో చేసి చూపించింది.

ఆ ఆదివారం మధ్యాహ్నం పరీక్షగా స్పీకర్లు కలిపింది. వాయిస్తున్నాను. కింద మెట్ల దగ్గర్నుంచి అమ్మ గొంతు. "ఎవులే ఆ వాయించేది?"

నా చెయ్యి దానంతటదే వాల్యూం మీదికి పోయింది. "నేనేనమ్మా" అన్నాను.

కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత, "మరి ఆపేసినావేటి?" అంది.

బాగుందని అనలేదు. మళ్ళీ వాయించాను. స్క్రీన్ మీద అంకె చూడలేదు. రాత్రిళ్ళు మాత్రం ఇంకా హెడ్‌ఫోన్సే.