పుట్టగొడుగుల రూంకు గాలి ఎటు నుంచి రావాలె?



మన గ్రూపుల ఈ నడుమ చాలామంది పుట్టగొడుగుల యూనిట్ గురించి అడుగుతున్నరు. లోను దొరుకుతదా, ట్రైనింగ్ ఎక్కడ అనే అడుగుతున్నరు గని, రూంల గాలి గురించి ఎవ్వరూ అడుగుతలేరు. అందుకే కొంచెం పొడుగు అయినా రాస్తున్నం.

ఉట్నూరు దిక్కు మా దోస్తు వాళ్ల గూడెంల అక్కల సంఘం ఒకటి అప్పు తీసుకొని షెడ్డు ఏసింది. సిమెంటు ఇటుక గోడలు, పైన రేకులు, ఒక తలుపు, ఒక చిన్న కిటికీ. చలికాలంల రెండు మూడు కోతలు మంచిగనే వచ్చినయి. ఎండలు ముదిరినంక బెడ్లు పుల్లటి వాసన కొట్టుడు మొదలైంది. పక్కింటోళ్లు లొల్లి పెట్టిన్రు. ఏప్రిల్ల తాళం పడ్డది. కిస్తీలు మాత్రం ఆగలే. "సదువుకున్నోళ్లు గదా బిడ్డా, ఇది నడుస్తదో నడవదో చెప్పుండ్రి" అని పెద్దవ్వ అడిగింది. మేము నలుగురం కరీంనగర్ల హాస్టల్ల ఉండి డిగ్రీ సదివేటోళ్లం. మా ఇండ్లల్ల మాకంటే ముందు కాలేజీకి పోయినోళ్లు లేరు. పెద్దవ్వ అట్ల అడిగితే తెల్వదని లేసి రాలేం. సెలవులన్నీ ఆ షెడ్డులనే గడిపినం.

మొదట అర్థం కావాల్సింది ఏందంటే, పుట్టగొడుగు చెట్టు లెక్క కాదు, మన లెక్క. మనం తీసుకునే ఆక్సిజనే తీసుకుంటది, మనం విడిచే కార్బన్ డయాక్సైడే విడుస్తది. గడ్డిని తినుకుంట వేడి కూడా పుట్టిస్తది. అందుకే బెడ్డు నడుమ ఎప్పుడూ రూం కంటే రెండు మూడు డిగ్రీలు ఎక్కువనే ఉంటది. ఒక్క రూంల పదహారు మందిమి తలుపులు పెట్టుకొని పండుకున్న హాస్టల్ రాత్రి గుర్తు తెచ్చుకోండ్రి. పొద్దుగాల బయటి నుంచి వచ్చినోడు ముక్కు మూసుకుంటడు, లోపలోళ్లకు ఏం తెల్వది. వంద బెడ్లు ఏలాడదీసిన షెడ్డు కూడా గట్లనే.

గాలి సరిపోతలేదని మీటరు లేకున్నా తెలుస్తది. కాడలు పొడుగు సాగి, గొడుగులు బొత్తం అంత చిన్నగ ఉంటే లోపల చెడు గాలి నిండిందని లెక్క. ఆ షెడ్డుల కింది వరుసలన్నీ అట్లనే ఉన్నయి, పైవి కొంచెం నయం. గాలి కదలని కాడ అది కిందనే పేరుకుంటది. కిటికీ ఏమో మనిషి ఎత్తుల ఉన్నది, అదీ ఒక్కటే. ఒక్క కిటికీ ఉంటే గాలి వచ్చుడు లేదు, పోవుడు లేదు. డిజైన్ గీసి ఇచ్చినోళ్లు ఏ చల్లటి ఊరును చూసి గీసిన్రో గని, మే నెలల 45 డిగ్రీలు దాటే ఆదిలాబాద్‌ను చూసి మాత్రం గీయలే.

ఇగ మా ఆలోచన పుట్ట మీదికి పోయింది. పుట్టగొడుగు అనే పేర్లనే పుట్ట ఉన్నది గదా. వానకాలం మొదట్ల అమ్మలు అడవి నుంచి తెచ్చేవి చెదలు పండించిన పంట. పుట్ట లోపల చెదలు ఆకు, కట్టె నమిలి తెచ్చి, దాని మీద బూజు పెంచి, అదే తింటయి. పుట్టంటే అచ్చం ఒక పుట్టగొడుగుల రూం. దానికి పైన పెద్ద బొక్క కూడా ఉండదు, మట్టి గోడలకే కంటికి కనపడని సన్న రంధ్రాలు. హార్వర్డ్ పరిశోధకులు మన దేశంల ఉండే పుట్టల మీదనే పని చేసి 2015ల అచ్చేసిన్రు. పగలు ఎండకు పుట్ట అంచుల ఉన్న సన్న గొట్టాలు జల్ది వేడెక్కి అండ్ల గాలి పైకి లేస్తది, నడుమల నుంచి కిందికి దిగుతది. రాత్రి అంచులు ముందుగ సల్లబడితే ఇదంతా ఉల్టా తిరుగుతది. ఫ్యాన్ లేదు, కరెంటు లేదు. పగటికి, రాత్రికి ఉన్న తేడానే గాలిని తిప్పుతది.

మన పాత మట్టి ఇండ్లు కూడా దీనికి దగ్గరగనే ఉంటయి. మందం మట్టి గోడ, గూన పెంకలు, పెంకల సందుల నుంచి వేడి పోవుడు. సంఘం పైసలు రేకుల షెడ్డు మీద పెట్టకుండా పాత మట్టి ఇల్లు ఒకటి బాగు చేయించుకుంటే సగం బాధ తప్పేదని మాకు అనిపించింది. కట్టినదాన్ని కూలగొట్టలేం గనక ఉన్నదాన్నే మార్చినం. రేకుల మీద సున్నం కొట్టి, పైన జొన్న సొప్ప మందంగ పరిచినం. ఒక గోడకు అడుగు ఎత్తుల, ఎదురు గోడకు రేకుల కింద బొక్కలు కొట్టించి దోమల జాలి ఏసినం. నేల మీద ఇసుక పోసి తడిపినం.

తర్వాత కాలాన్ని బట్టి నడపాలె. ఎండకాలం పగలు అన్నీ మూసి, గాలి వచ్చే దిక్కు తడి గోనె సంచులు కట్టాలె. వడగాలి పొడిగ ఉంటది గనక నీళ్లను తాగి సల్లబడుతది. చీకటి పడ్డంక అన్నీ తెరవాలె. వానకాలంల ఇదే పని చేస్తే మునుగుతరు. అప్పుడు గాలిలనే తేమ నిండి ఉంటది, గోనె సంచి తడిపితే సల్లబడదు, బూజు పడుతది. అప్పుడు నీళ్లు తగ్గించి, రెండు దిక్కులా తెరిచి పెట్టుడే. చలికాలం మనకాడ రాత్రి 10 డిగ్రీల కిందికి పోతది గనక మధ్యాహ్నం తెరిచి, పొద్దు గూకకముందే మూయాలె.

వాసన సంగతి. పక్కింటోళ్ల కోసం అక్కలు లోపల ఊదుబత్తులు ముట్టిచ్చిన్రు, ఫినాయిల్ కూడా సల్లిన్రు. గది చేయొద్దు. ఆ వాసనే మనకు కబురు. మంచి బెడ్డు వాన పడ్డ అడవి లెక్క వాసన వస్తది. పుల్లటి వాసన వచ్చిందంటే గడ్డిల నీళ్లు ఎక్కువై, గాలి ఆడక కుళ్లుతున్నదని. ఉడకబెట్టిన గడ్డిని పిడికిట్ల పిండితే చుక్క కారొద్దు, చెయ్యి తడి కావాలె, అంతే. పచ్చ బూజు కనపడ్డ బెడ్డును వెంటనే దూరం తీసుకపోయి పూడ్చాలె. చెదలు కూడా గిదే చేస్తయి. వాటి తోటల కలుపు బూజు మొలిస్తే వేరే వాసనను బట్టి గుర్తుపట్టి మట్టి కప్పుతయని బెంగళూరు ఐఐఎస్‌సీ వాళ్లు 2017ల రాసిన్రు. ఇంకోటి, గూడెంల వచ్చిన కంపు సగం బెడ్లది కానే కాదు. గడ్డి నానబెట్టిన నీళ్లు షెడ్డు ఎనుక గుంతల నిలిచి మురిగినయి. దాన్ని ఏ రోజుకారోజు పెంటకుప్ప మీద పోయిస్తే పక్కింటోళ్ల లొల్లి బందయింది.

పెద్దవ్వకు మేము చెప్పిన జవాబు ఇది. నడుస్తది, గని పన్నెండు నెలలు నడవది. ముత్యపు చిప్ప పుట్టగొడుగుకు 20 నుంచి 28 డిగ్రీలు కావాలె, 80 శాతం పైన తేమ కావాలె. మనకాడ జులై నుంచి ఫిబ్రవరి దాకా అది అందుతది. ఏప్రిల్, మే నెలలల్ల ఎన్ని గోనె సంచులు తడిపినా అందదు. అప్పుడు పాల పుట్టగొడుగు పెట్టొచ్చు, అది 30 నుంచి 35 డిగ్రీలల్ల పండుతది, కాకుంటే బెడ్డు మీద మట్టి పొర ఏసే పని ఎక్కువ. అది కాదంటే షెడ్డు ఎండబెట్టి, సున్నం ఏసి పెట్టుకోవాలె. పంట ఎనిమిది నెలలు, కిస్తీ పన్నెండు నెలలు అంటే ఎట్ల కుదురుతది? సంతకం పెట్టకముందే ఈ లెక్క బ్యాంకుల అడగాలె. అక్కలు ఇప్పుడు పంట నెలలల్ల కొంచెం ఎక్కువ కట్టి, ఎండకాలం తక్కువ కట్టేటట్టు మాట్లాడుకుంటున్నరు. ఇంకా తేలలే.

ఒకటి మాత్రం గట్టిగ చెప్తున్నం. షెడ్డు లేదని పండుకునే ఇంట్ల బెడ్లు ఏలాడదీయకండ్రి. ఒక ఇంట్ల చూసినం, బెడ్ల కిందనే ముసలవ్వ మంచం. గొడుగు అంచులు పైకి మలిగినంక సన్న తెల్ల పొడి రాలుతది, అది రోజూ పీలిస్తే దగ్గు, ఆయాసం వస్తది. అంచులు మలగకముందే కోయాలె. లోపలికి పోయేముందు కాసేపు తలుపులు తెరిచి పెట్టి, మూతికి గుడ్డ కట్టుకోవాలె. ఉబ్బసం ఉన్నోళ్లు, టీబీ మందులు వాడినోళ్లు బయట గడ్డి కోసే పని చూసుకోవాలె. ఆ ఇంటోళ్లు బెడ్లను పశువుల కొట్టం పక్క పందిరి కిందికి మార్చిన్రు. దాని గోడలకు వెదురు తడకలే, గాలి బాగనే ఆడుతున్నది, కోళ్లే జొరబడుతున్నయి. దానికి ఉపాయం ఎవరికన్న తెలిస్తే కింద రాయండ్రి.