పాలు పొంగించకముందే తాళాలు

డాలస్ చుట్టుపక్కల మనవాళ్ళు ఇల్లు కొన్నారంటే మొదటి ఫోను పురోహితుడికి వెళ్తుంది. ముహూర్తం, గడపకు పసుపు, కొత్త గిన్నెలో పాలు, హోమం పొగకు స్మోక్ అలారం మోగకుండా జాగ్రత్తలు. అన్నీ కావలసినవే. కానీ ఒకరు ఉండి వెళ్ళిన ఇల్లు కొన్నప్పుడు, వీటన్నిటికంటే ముందు తాళాలు మార్చాలని తెలిసినవాళ్ళందరికీ చెబుతుంటాను. "అమ్మినవాళ్ళు చాలా మంచివాళ్ళండీ" అంటారు. మంచివాళ్ళే. ఇబ్బంది వాళ్ళతో కాదు.

సంతకాలయ్యాక ఏజెంటు ఒక కవరు చేతిలో పెడతాడు. అందులో తాళంచెవులు కలగాపులగంగా ఉంటాయి, ఒక్కదానికీ చీటీ ఉండదు. ఏది వీధి తలుపుదో, ఏది పెరటిదో పెట్టి తిప్పి చూసుకోవాలి. ఆ కవర్లోకి రానివాటి గురించే నా దిగులు. పాతవాళ్ళు ఊరెళ్ళినప్పుడు కుక్కకు తిండి పెట్టిన పొరుగు పిల్ల దగ్గర ఒకటి ఉండొచ్చు. ఇల్లు తుడిచే ఆవిడ దగ్గర ఒకటి, బాత్రూం పలకలు వేసినవాళ్ళ దగ్గర ఒకటి. వీళ్ళెవరూ దొంగలు కారు. అయినా ఆ తలుపు తీయగల చెవులు ఊళ్ళో ఎన్ని ఉన్నాయో అమ్మినవాళ్ళు కూడా లెక్క చెప్పలేరు.

అద్దె ఇళ్ళ విషయంలో టెక్సస్ చట్టం స్పష్టంగా ఉంది. ప్రాపర్టీ కోడ్ 92వ అధ్యాయం ప్రకారం, అద్దెదారు మారిన 7 రోజుల్లోగా యజమాని తన ఖర్చుతో తాళాలను కొత్త చెవికి మార్చాలి. ఇల్లు కొన్నవాళ్ళకు అలా చేసిపెట్టేవాళ్ళు లేరు. మన ఊళ్ళలో ఈ ప్రశ్నే వచ్చేది కాదు. అద్దెకు దిగినవాళ్ళు గొళ్ళానికి తమ తాళంకప్ప తామే వేసుకునేవారు, ఖాళీ చేసేటప్పుడు పట్టుకుపోయేవారు. అందుకే తలుపులోనే బిగించి ఉన్న తాళం కొత్త కాపురానికి కొత్తది కావాలన్న సంగతి మనకు చప్పున తట్టదు.

దీనికి తాళమంతా పారేయనక్కర్లేదు. రీకీయింగ్ అని, పైసామాను అలాగే ఉంచి లోపలి పిన్నులు మారిస్తే చాలు. లోపలివైపు రెండు మరలు విప్పితే డెడ్‌బోల్ట్ సిలిండరు చేతికొస్తుంది. పాత చెవి పెట్టి కాస్త తిప్పి, వెనకనుంచి ఒక గొట్టాన్ని నెడుతూ లోపలి బొడిపెను బయటికి తీయాలి. గొట్టం జారిందో, పై స్ప్రింగులు ఎగిరిపోతాయి. బొడిపెలో సాధారణంగా అయిదు ఇత్తడి పిన్నులుంటాయి, ఒక్కొక్కటి ఒక్కో పొడవు. వాటిని బయటికి ఒంపేసి, కొత్త చెవి పెట్టి, దాని గాట్లకు సరిపడే పిన్నులు వేయాలి. పిన్నుల తలలన్నీ బొడిపె పైభాగంతో సమంగా నిలిచాయా లేదా అని వేలితో తడిమి చూడాలి. ఒక్కటి పొడుచుకు వచ్చినా తాళం తిరగదు. మా ఇంటి తాళానికి ఈ పని నేనే డైనింగ్ టేబుల్ మీద తెల్ల తువ్వాలు పరుచుకుని చేశాను. ఆ అయిదూ సమంగా కూర్చున్నప్పుడు, ఈ ఇంటికి ఇంకే చెవీ పట్టదన్న ధీమా నాకు చేతి వేళ్ళలో తెలిసింది. ముందు తలుపుకు ష్లేగ్ కంపెనీ తాళం, వెనక తలుపుకు క్విక్‌సెట్ ఉంటే మాత్రం ఒకదాని చెవి రెండోదాంట్లో దూరదు. రెండు తలుపులకీ ఒకే చెవి కావాలంటే ఒక తాళం మార్చక తప్పదు.

చేతకాదనుకుంటే తాళాలవాణ్ణి పిలవండి, కానీ లైసెన్సు అడగండి. ఈ రాష్ట్రంలో ఆ లైసెన్సు పబ్లిక్ సేఫ్టీ శాఖ ఇస్తుంది. ఫోన్లో తక్కువ రేటు చెప్పి, వచ్చాక తాళానికి డ్రిల్లు పెట్టి వందల డాలర్లు గుంజేవాళ్ళ గురించి ఫెడరల్ ట్రేడ్ కమిషనే హెచ్చరించింది. గరాజ్ మాట కూడా మరవద్దు. మోటారు మీది లెర్న్ బటన్‌ను చాలావాటికి కొన్ని సెకన్లు నొక్కిపట్టుకుంటే పాత రిమోట్లన్నీ చెరిగిపోతాయి. గడియ దూరే పట్టీకి మూడంగుళాల మరలు వేయించండి, గోడలోని దుంగ దాకా దిగుతాయి. లోపలినుంచీ చెవితోనే తెరిచే డెడ్‌బోల్ట్ మాత్రం పెట్టకండి. తలుపు పక్కన అద్దం ఉందని మనవాళ్ళు కొందరు పెట్టిస్తున్నారు. నిప్పంటుకున్న రోజున పొగలో చెవి ఎక్కడ వెతుకుతారు?

నాబ్ గురించి ఇంకో మాట. ఇక్కడి నాబ్‌లు కొన్ని లోపల బటన్ నొక్కి ఉంటే, తలుపు మూసుకోగానే బయటివాళ్ళను బయటే వదిలేస్తాయి. పాత అద్దె ఇంట్లో మా అమ్మ ఉత్తరాలు తేవడానికి చెప్పులేసుకుని వెళ్ళింది. వెనకనే తలుపు మూసుకుపోయింది. ఆగస్టు ఎండ, చేతిలో ఫోన్ లేదు, భాష రాదు. నేను వచ్చేదాకా గరాజ్ నీడలో గోడకు ఆనుకుని కూర్చుంది. ఒక్క మాటా అనలేదు. ఈ ఇంట్లో అసలు తాళమే లేని నాబ్ పెట్టించాను, గడియంతా డెడ్‌బోల్ట్‌దే. దాన్ని వేయాలంటే మనిషి కావాలని వేయాలి.

ఆ తర్వాత మిగిలింది, రెండో చెవి ఎవరికివ్వాలి? మన ఊళ్ళోనైతే పెద్దమ్మ ఇల్లో పక్కింటి అత్తయ్యగారో ఉండేవారు, ఆలోచించే పని లేదు. ఇక్కడ మనిషిని మనమే ఎంచుకోవాలి, వెళ్ళి అడగాలి. 2021 ఫిబ్రవరి గడ్డకట్టిన వారంలో టెక్సస్‌లో ఎన్నో ఇళ్ళలో పైపులు పగిలాయి. ఇంటివాళ్ళు ఇండియాలో ఉంటే లోపలికి వెళ్ళి చూసేదెవరు? అందుకే ఎదురింటి రిటైర్డ్ టీచరుగారి దగ్గరికి వెళ్ళి ఒక చెవి ఆమె చేతికిచ్చాను. ఆవిడ ముందు అడిగింది నీళ్ళు కట్టేసే వాల్వ్ ఎక్కడుందని. ఇద్దరం మా గరాజ్‌లోకి వెళ్ళాం. చూపించాను. ఒకసారి ఆవిడే తిప్పి చూసుకుంది.